మూడో వార్త

మా కింది ఫ్లాట్ చాచా పోయారు. ఆ కబురు మొదట మా కాంప్లెక్స్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ గ్రూపులో వచ్చేవి సగం అబద్ధాలు, ఆ అబద్ధాల్లో సగం నేను పెట్టినవి. అందుకని నమ్మలేదు. పైగా చావు కబురుకి చాచా ఒక పద్ధతి నేర్పారు. చూసినవాళ్ళు ఒకరు, ఎరిగినవాళ్ళు ఒకరు, ఇద్దరు చెబితేగాని మనిషి పోయాడని రాయకూడదు. మెట్లు దిగి వెళ్ళాను. వాళ్ళ గుమ్మం ముందు నేనెరగని చెప్పులు చాలా ఉన్నాయి. వాళ్ళమ్మాయి తలుపు తీసి, నన్ను చూసి, తల ఊపింది. ఇద్దరయ్యారు.

ఆయన పాలస్తీనా మనిషి. నేను కరీంనగర్ దగ్గరివాణ్ణి, ఇంటర్ రెండోసారి రాసి కూడా పోగొట్టుకున్నవాణ్ణి. మా ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద శాంటా క్లారా వచ్చింది, ఆమె సామానుతో పాటు నేనూ వచ్చాను. అందరూ ఆఫీసులకీ బళ్ళకీ పోయాక కాంప్లెక్స్‌లో మిగిలే మగవాళ్ళం మేమిద్దరమే. చాచా అన్నది నేను పెట్టిన పిలుపు. మా మాటలన్నీ చెరిసగం వచ్చిన ఇంగ్లీషులో నడిచేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఇద్దరం ఉన్నదానికన్నా తెలివిగా కనిపిస్తాం.

పరిచయం లాండ్రీ రూములో అయింది. మిషన్ల పైన ఒక నోటీసు బోర్డు ఉంటుంది. తోచనప్పుడు దాని మీద మేనేజ్‌మెంట్ పేరున నోటీసులు అంటించడం నా అలవాటు. ఒకసారి, శుక్రవారం మధ్యాహ్నం లాండ్రీ రూములో అందరికీ మటన్ బిర్యానీ, ఎవరి ప్లేటు వాళ్ళే తెచ్చుకోవాలి అని పెట్టాను. ఎవరన్నా మోసపోయారేమో చూసి నవ్వుకుందామని ఆ మధ్యాహ్నం దిగాను. కోటు వేసుకున్న ముసలాయన ఒకరు డ్రైయర్ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతిలో ప్లేటు, స్పూను.

"ఈ వార్త పంపింది మీరేనా?"

"సరదాకి పెట్టిన చాచా."

"మంచిది. ఇప్పుడు రెండే దారులు. ఖండన ఇవ్వండి, లేదా బిర్యానీ ఇవ్వండి."

"ఖండన ఇస్తే నేనే అని మేనేజర్‌కి తెలుస్తది కదా."

"అయితే కూర్చుంటాను," అని ప్లేటు ఒళ్ళో పెట్టుకున్నారు.

వండాను, ఏం చేస్తాను. ఆయన తిని, ఉప్పు తగ్గిందని చెప్పి, జేబులోంచి పెన్సిలు తీసి నా నోటీసు కింద రాశారు. ఎన్ని గంటలకు? ఎవరు చెప్పారు? తర్వాత ఆ పెన్సిలుకి దారం కట్టి బోర్డుకి వేలాడదీశారు. "ఇకమీద దీనితో రాయండి. తప్పయితే తుడవొచ్చు."

వయసులో ఉన్నప్పటి నుంచీ ఆయన పాలస్తీనావాళ్ళ సర్కారీ వార్తా సంస్థలో పనిచేశారని అప్పుడు తెలిసింది. "సర్కారీ ఎట్లయితది చాచా, అప్పుడు మీకు దేశమే లేదు కదా," అన్నాను. "దేశం లేదు, వార్తా సంస్థ ఉంది. ముందు అదే కావాలనుకున్నాం," అన్నారు.

బేరూత్‌లో ఇరుకు గదుల్లో నడిపారట. సైక్లోస్టైల్ మిషను తిప్పి, సిరా ఆరకముందే ఆ కాగితాలు విదేశీ విలేకరులు దిగే హోటళ్ళకు చేర్చాలి. ఆ సిరా ఏ సబ్బుకీ పోయేది కాదని, పెళ్ళిచూపుల్లో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డానని చెప్పేవారు. బాంబులు పడ్డప్పుడల్లా ఆఫీసు మారేది. మిషను పెడితే కారు డిక్కీ మూతపడదు, తాడేసి కట్టి, పైన దుప్పటి కప్పేవారు. దారిలో ఎవరన్నా ఆపితే పెళ్ళి వంట సామాను అనేవారు. యుద్ధం నగరం మీదికే వచ్చాక ఓడ ఎక్కారు. కొన్నాళ్ళు సైప్రస్, చాలా ఏళ్ళు ట్యునీస్. సముద్రానికి ఈ ఒడ్డున కూర్చుని ఆ ఒడ్డు వార్తలు టెలిఫోన్‌లో విని రాయడం. చెప్పేవాడి గొంతు వెనక కోడి కూస్తే ఈయనకు వాళ్ళ పెరడు గుర్తొచ్చి చేతిలో కలం ఆగిపోయేదట. మళ్ళీ చెప్పమంటే అవతలివాడు తిట్టేవాడట.

కొత్తగా చేరినవాళ్ళకు ఆయన చెప్పే మాట ఒకటుంది. "ఊరి పేరు లేకుండా వార్త పంపకు. ఊరు పోయినచోట పేరన్నా మిగలాలి." ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. దాని పేరు నాకు చెప్పారు. సరిగ్గా పలికేదాకా వదలలేదు.

ఇజ్రాయెల్‌తో ఒప్పందం కుదిరాక సంస్థ సొంత నేల మీదికి వచ్చింది. అప్పుడు సంబరపడ్డారా అని అడిగాను. "పడ్డాం. తర్వాత కుర్చీలు వచ్చాయి," అన్నారు. కుర్చీలతో పాటు ఫైళ్ళు, ఫోన్లు, పైనుంచి ఆజ్ఞలు. రోజూ మొదటి వార్త నాయకుడు ఎవరిని కలిశాడన్నది. రెండోది ఎవరికి అభినందనలు పంపాడన్నది. "మొదటి రెండూ ఆఫీసువి. మూడో దాని నుంచి మనుషులవి. మూడో వార్త నుంచి చదువు." చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయిన పెళ్ళికూతురు, నరికేసిన ఆలివ్ తోట, మూసేసిన బావి, ఇవి ఆయన రాసేవి. ఎప్పుడూ మూడోదో నాలుగోదో. నాకు వెంటనే అర్థమైంది. మన తెలుగు అసోసియేషన్ ఉగాది ఫంక్షన్‌కి తీసుకెళ్ళినప్పుడు స్పాన్సర్లకు శాలువాలు కప్పుతుంటే చాచా నా చెవిలో, "మొదటి వార్త," అన్నారు. మంత్రిగారి బంధువు మైకు అందుకుంటే, "రెండోది," అన్నారు. పిల్లలు డాన్సుకొచ్చాక కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

ఒకనాడు బట్టలు మడతపెడుతూ, అడక్కుండానే చెప్పారు. సొంత పోలీసులే ఒక ఊళ్ళో కుర్రాళ్ళను కొట్టారట. ఈయన రాశారు, పైన కొట్టేశారు. ఇంకోసారి అలాంటిదే జరిగితే ఈయన రాయనే లేదు. "మేం అబద్ధం రాయలేదు. కొన్ని రాయలేదు. రెండూ వేరు వేరని చాలా ఏళ్ళు అనుకున్నాను," అన్నారు. నా దగ్గర ప్రతిదానికీ ఒక వెటకారం సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు ఆయన దుప్పటి రెండో కొస పట్టుకుని మడతపెట్టించాను.

గాజా మీద బాంబులు మొదలయ్యాక బిర్యానీకి పిలిచినా తినడం తగ్గిపోయింది. ఫోను కళ్ళకు ఆనించుకుని ఆ సంస్థ వార్తలే చదివేవారు. ఒక మధ్యాహ్నం, ట్యునీస్‌లో తనతో ఒకే గదిలో ఉన్న మిత్రుడు గాజాలో ఇల్లు కూలి చనిపోయాడని చదివారు. ఏడవలేదు. "రెండో మనిషి ఎవరు?" అన్నారు. ఆ రోజంతా ఫోన్లు చేశారు. ఏ నంబరూ మోగలేదు. మర్నాడూ చేశారు. రెండో మనిషి దొరకలేదు కాబట్టి చాచా లెక్కలో ఆ మిత్రుడు చివరిదాకా పోలేదు. అతను ఎప్పుడన్నా ఫోను చేస్తాడేమోనని స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా ఫోను నాకిచ్చి వెళ్ళేవారు.

ఇక సంతాప సభ సంగతి. ముందురోజు వాళ్ళమ్మాయి మా బిర్యానీ డబ్బా తిరిగివ్వడానికి పైకి వచ్చింది.

"బ్రదర్, రేపు మీరు మాట్లాడతారు కదా. నాన్న ఎక్కడ పనిచేశారో ఎత్తకండి. మావారి పేపర్లు ఇంకా ఇమ్మిగ్రేషన్‌లో ఉన్నాయి. ఎవరు ఏది పట్టుకుంటారో తెలియడం లేదు."

"మరి ఏం చెప్పమంటవమ్మా?"

"మంచి తండ్రి అని చెప్పండి."

"అది అందరూ చెప్తరు."

"అందుకే చెప్పండి."

ఆమె వెళ్ళాక మా ఆవిడ తలుపేసింది. "నీకు దండం పెడ్త. రేపొక్క పూట నోరు మూసుకో. మన గ్రీన్ కార్డు గూడ ఆ ఇమ్మిగ్రేషనోళ్ళ దగ్గర్నే ఉంది," అంది.

సభ క్లబ్‌హౌస్‌లో జరిగింది. మసీదు పెద్ద ఒకాయన లేచి, చాచా ఎంత భక్తుడో చెప్పారు. మొదటి వార్త. మేనేజర్ లేచి, నెమ్మదైన మనిషి, ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదంది. డ్రైయర్ మీద ఆయన చేసిన ఫిర్యాదులు నేనే టైపు చేసి పంపాను. రెండో వార్త. తర్వాత అందరూ నా వైపు చూశారు.

లేచాను. గొంతులో బేరూత్ ఉంది, డిక్కీ ఉంది, మోగని ఫోను ఉంది. మొదటి వరుసలో వాళ్ళమ్మాయి ఒళ్ళో చేతులు బిగించుకుని కూర్చుంది. నేను బిర్యానీ కథ చెప్పాను. ప్లేటు, స్పూను, కోటు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి కళ్ళు తుడుచుకుంది. కూర్చున్నాను. అబద్ధం చెప్పలేదు. కొన్ని చెప్పలేదు.

బయటికి వస్తుంటే ఆమె నా పక్కకొచ్చి మెల్లిగా అంది. "మీకు చెప్పాలని ఉంది, నాకు తెలుసు. మీ భాషలో రాసుకోండి. ఆ ఆఫీసుల్లో ఎవరూ చదవలేరు." పిచ్చితల్లి. ఇప్పుడు మిషన్లు అన్ని భాషలూ చదువుతాయని ఆమెకు చెప్పలేదు. అందుకే ఇందులో ఆయన పేరు లేదు. అందుకు నాకు బాధ లేదు, వాళ్ళ సంస్థలో వార్త కింద ఎవరి పేరూ వేసేవారు కాదట. కానీ ఊరి పేరు కూడా లేదు. చాచా ఉంటే దీన్ని నా మొహాన కొట్టి, ఏ ఊరు అని అడిగేవారు.

లాండ్రీ రూములో మేనేజ్‌మెంట్ నోటీసు పెట్టింది. మన కాంప్లెక్స్‌లో నివసిస్తున్న ఒక పెద్దమనిషి మరణించారు అని. అసలు నోటీసే, నేను పెట్టింది కాదు. ఎవరు, ఎక్కడివారు, ఏమీ లేదు. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, దారానికి వేలాడుతున్న పెన్సిలు అందుకుని, దాని కింద ఆయన ఊరి పేరు తెలుగు అక్షరాల్లో రాశాను. ఆయన నాతో పలికించినట్టే రాశాను.

రెండు రోజులకు మూడో ఫ్లోర్ గుంటూరు కుర్రాడు బట్టల బుట్టతో వచ్చి దాన్ని కూడబలుక్కుని చదివాడు. "ఏంటన్నా ఇది, కొత్త రెస్టారెంటా?" అన్నాడు.

"ఊరు," అన్నాను.

"ఎక్కడుంది?"

వాడు జవాబు కోసం ఆగలేదు. బట్టలు వేసి, బటన్ నొక్కి వెళ్ళిపోయాడు. ఆ డ్రైయర్ ఇంకా బాగుచేయలేదు. తిరిగినప్పుడల్లా గోడ అదురుతుంది, గోడతో పాటు బోర్డు, బోర్డు మీద ఆ పెన్సిలు. ఊరి పేరు మీద అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది.