కుళందైసామి విన్న పాటలు, నేను ఆపిన పాట

కుళందైసామి సాధించిన మొదటి ఘనకార్యం కోవిల్‌పట్టిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటడం. అది 1996 ఫిబ్రవరి. చదువు కోసం కాదు, అప్పటికే వాడికి ముప్పై నాలుగేళ్ళు. కాలేజీ ఉత్సవాలకు మద్రాసు నుంచి వచ్చిన రాక్ బ్యాండును కళ్ళారా చూడడం కోసం. ఆ గేటు దాటడానికి వాడికి మూడేళ్ళు పట్టింది.

వాడు నా సొంత తమ్ముడు. ఈ మాట మొదట్లోనే రాయాలి. ఎందుకో చదివేవాళ్ళకు కాసేపట్లో తెలుస్తుంది.

మా ఊరి తిరువిళా మలరులో, అంటే ఏప్రిల్‌లో వచ్చే మా గుడి పొంగలి పండగ సంచికలో, ఏటా ఒకరి జీవిత చరిత్ర వేస్తాం. ఇరవై రెండేళ్ళలో తొమ్మిదిసార్లు అది నాదే. లక్ష్మణసామి అనే నేను ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. 1974లో ఏళాయిరంపన్నై దారిన మా ఊరికి బస్సు తెప్పించాను. 1981లో బోరు వేయించాను. బడికి రెండో గది కట్టించాను. పదకొండేళ్ళు పంచాయతీ తలైవరుగా, అంటే ప్రెసిడెంటుగా ఉన్నాను. మన ఇంటి మాటలో, అంటే తెలుగులో, ఈ సంచికకు రెండు పేజీలు ఉండాలని కమిటీతో కొట్లాడి గెలిచింది కూడా నేనే. ఈ జాబితా అందరికీ కంఠతా వచ్చు. ఇక్కడ మళ్ళీ ఎందుకు రాశానంటే, కథలో ఇది అడ్డం వస్తుంది.

కుళందైసామికి బడి అబ్బలేదు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. పుల్లలు బిగించిన చట్రాన్ని మందులో ముంచి తీయాలి. చెయ్యి వెంట్రుకవాసి వణికినా ఒక పుల్లకు తల పెద్దదవుతుంది, ఇంకోదానికి ఉండదు. వాడి చెయ్యి వణకదని యజమానే చెప్పేవాడు. ఆదివారాలు మాత్రం వాడు ఇంట్లో ఉండడు. ఎక్కడ పాటకచ్చేరి ఉంటే అక్కడికి సైకిలు. సినిమా పాటలు పాడే మేళం కాదు వాడికి కావలసింది. సొంతంగా పాట కట్టి, గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని వాయించే పిల్లలు కావాలి.

కాలేజీ గేటు దగ్గర మొదటి ఏడాది లుంగీ చూసి వాచ్‌మన్ తరిమాడు. రెండో ఏడాది వాడు ప్యాంటు ఎరువు తెచ్చుకుని వెళ్ళాడు, కార్డు అడిగారు. మూడో ఏడాది మైకుసెట్టు వాళ్ళ లారీ పక్కన నిలబడి, దించుతున్న స్పీకరు పెట్టె ఒకటి భుజాన వేసుకుని, ఎవరినీ చూడకుండా లోపలికి నడిచాడు. వాచ్‌మనే గేటు బార్లా తీశాడు.

మర్నాడు మా ఇంటి వాకిట్లో కూర్చుని మా ఆవిడ వీరమ్మాళ్‌తో చెప్పాడు.

"వదినె, ఆ పెద్ద గిటారు సత్తం సెవిలో పడలే. పొట్టలోన కొట్టింది."

"పొద్దున్నుంచి అన్నం తినకుంటే అట్లే కొడుతుందిరా."

"కాదొదినె, నిజంగా. నేల అదిరింది. కాళ్ళలోంచి పైకొచ్చింది."

"ఒకసారి డాక్టరుకి సూపించుకో పో" అంది ఆమె. వాకిట్లో చేరినవాళ్ళు నవ్వారు, వాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఊళ్ళో 'గిటారు సామి' అన్న పేరు ఆనాటిదే. నేను నవ్వలేదు. తలైవరు తమ్ముడు పెట్టెలు మోసి కచ్చేరి చూశాడని నలుగురూ అనుకుంటారని నా బాధ.

ఆ తర్వాత మైకుసెట్టు వాళ్ళు వాణ్ణి వదల్లేదు. కూలీ లేకుండా మోస్తాడు, వైర్లు చుడతాడు, కచ్చేరి అయ్యేదాకా, సౌండు సర్దే గుబ్బల టేబిలు పక్కనే నిలబడి వింటాడు. అలా కోవిల్‌పట్టిలో, విరుదునగర్‌లో, వత్రాప్ తోటల మధ్య వానలో, అరుప్పుకోట్టైలో మగ్గాల వీధుల్లో వాడు చూసిన బ్యాండులు నలభై పైనే. ఏ గుబ్బ తిప్పితే పాడేవాళ్ళ గొంతు వాయిద్యాల్లోంచి బయటికి వస్తుందో చూసి చూసి నేర్చుకున్నాడు. మందులో చట్రం ముంచిన చెయ్యి అది. టేబిలు మీద కూడా వణకలేదు.

1999లో ఆ కాలేజీ పిల్లలు మా ఊళ్ళో పదిరోజులు సేవా శిబిరం పెట్టారు. నేను వసతి చూశాను. దానికి మర్యాదగా ఉత్సవాలకు పిలిచి, మొదటి వరసలో ప్రిన్సిపాలు పక్కన కూర్చోబెట్టి పొన్నాడై కప్పారు. ఆ శాలువా సర్దుకుంటూ ఉండగా కుళందైసామి నా ముందు నుంచే వెళ్ళాడు. భుజాన పెట్టె, బనియను తడిసి ఒంటికి అతుక్కుంది. నన్ను చూసి మొహం చాటంత చేసుకుని "అన్నా!" అన్నాడు.

ప్రిన్సిపాలు నా వైపు వంగి, తెలిసిన మనిషా అని తమిళంలో అడిగాడు.

"మా ఊరివాడు" అన్నాను, తమిళంలోనే.

తమ్ముడు అనలేదు. వాడు మూడడుగుల దూరంలో ఉన్నాడు. పెట్టె కింద పెట్టి, దాని మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి, మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వాకిలి దాటితే నన్ను అన్నా అని పిలవలేదు. అందరిలాగా "తలైవరే" అనేవాడు. మర్యాద నేర్చుకున్నాడనుకుని నేను సంతోషించాను. ఇప్పుడు ఆ సంతోషం తలచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది.

2002లో అరుప్పుకోట్టైలో వాడికి ఒక బ్యాండు దొరికింది. పేరు 'చిత్తిరై వెయిల్', అంటే చైత్రమాసపు ఎండ. నలుగురూ నేతగాళ్ళ పిల్లలే. పాట కట్టి పాడేవాడు శరవణకుమార్. మరమగ్గం మీద వాళ్ళు కట్టిన పాట ఒకటి విని వచ్చి, వాడు రెండు రోజులు దాన్నే గొణుక్కుంటూ తిరిగాడు. మూడో రోజు మా ఇంట్లోకి నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, మన పొంగలికి ఈ పిలకాయల్ని పిలుస్తాము. ఒక్క పాట సాలు. దాంట్లో ఒక సోటు ఉంది. అది మన ఊరు వినాల. ఏమంటే..."

"శరి శరి, సూద్దాము" అన్నాను. ఏమంటేకు తర్వాతి మాట నేను విననే లేదు. అది విని ఉంటే ఈ చరిత్ర రాసే పని ఉండేది కాదు.

వాడు ఏడాది పాటు కమిటీలో ప్రతివాడినీ బతిమాలాడు. 2003 పొంగలికి విరుదునగర్ మేళం రాకముందు అరగంట ఇచ్చాం. సాయంత్రం ఏడింటికి మొదలు. నాలుగు ఊళ్ళ జనం వచ్చారు. గుబ్బల టేబిలు దగ్గర కుళందైసామి, ఇస్త్రీ చొక్కాలో. ఆ చొక్కా వాడి పెళ్ళి తర్వాత నేను చూడలేదు.

మా పక్క ఆచారం ఒకటి చెప్పాలి. కచ్చేరి ఎవరిదైనా, పాటకూ పాటకూ మధ్య పెద్దమనుషులు మేడై, అంటే వేదిక ఎక్కి పొన్నాడైలు కప్పుతారు, మైకులో పేర్లు చదువుతారు. ఆ రోజు చదవవలసిన కాగితం నాది. నా గురించిందే. శాలువా చంకన పెట్టుకుని మెట్టు మీద నిలబడి, ఈ పాట ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను.

పాట మగ్గంలా మొదలైంది. టకటక టకటక, ఒక మగ్గం, రెండు, పది, వీధి వీధంతా. పిల్లలు కుర్చీల మీద లేచి నిలబడ్డారు. అంతలో ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. డ్రమ్ము, గిటారు, గొంతు, ఏదీ లేదు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కరెంటు పోలేదు. పాట అయిపోయిందనుకున్నాను.

ఎక్కాను. శరవణకుమార్ మెడలో శాలువా వేశాను. ఆ పిల్లాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఉలిక్కిపడ్డాడు. వాడి ముందున్న మైకు తీసుకుని మొదలుపెట్టాను. "1974లో ఈ ఊరికి బస్సు..."

బోరు దాకా వచ్చానో లేదో వెనక డ్రమ్ము ఢామ్మని మోగింది. వాళ్ళ లెక్క ప్రకారం వాళ్ళు మళ్ళీ మొదలెట్టారు. నేను ఎగిరిపడ్డాను. జనం గొల్లుమన్నారు. అప్పుడు టేబిలు దగ్గర నుంచి, అక్కడి మైకు తెరిచే ఉంది కాబట్టి నాలుగు స్పీకర్లలోనూ, మా ఇంటి మాటలో వినిపించింది.

"అన్నా! దిగన్నా! పాట అయిపోలే!"

నాలుగేళ్ళ తర్వాత వాడి నోట వాకిలి బయట వచ్చిన మొదటి అన్నా అది. నాకు అది వినబడలేదు. నాలుగు ఊళ్ళ ముందు, నడివీధిలో వంటింటి మాట లాగి, నన్ను దిగమన్నాడు అనే వినబడింది. నా చేతిలో మైకు ఉంది.

"ఎవునికిరా నేను అన్న? అగ్గిపుల్లలు ముంచేవానివి, పెట్టెలు మోసేవానివి, సబలో నాకు నేర్పుతావా? ఈ సత్తం కట్టిపెట్టు, సుమ్మా ఉండు. మేళం రానీ."

ఒక సంగతి నాకు చాలా కాలం తర్వాత తట్టింది. నా మైకు గుబ్బ ఆ క్షణంలో వాడి వేలి కిందే ఉంది. కొంచెం తిప్పితే నా నోరు మూతపడేది. వాడు తిప్పలేదు. నేను అన్నదంతా చివరి వరస దాకా సాఫుగా వినిపించనిచ్చాడు.

పిల్లలు డ్రమ్ములు విప్పుకున్నారు. శరవణకుమార్ శాలువా మడిచి కుర్చీ మీద పెట్టాడు. వాళ్ళ వ్యానులో చివర ఎక్కినవాడు కుళందైసామి. నెలలో పెళ్ళాన్నీ కూతురు కలైసెల్వినీ అరుప్పుకోట్టైకి తీసుకుపోయాడు. అగ్గిపెట్టెల పని మానేసి ఆ బ్యాండుకే సౌండు చూసుకునేవాడయ్యాడు. మదురై, చెన్నై, బెంగళూరు కాలేజీలు తిరిగాడు. నలభై ఒక్క ఏళ్ళ వయసులో కొత్త పని నేర్చి నిలబడ్డాడు. మా ఇంట్లో పెద్ద ఘనకార్యం ఏదంటే అదే. ఊళ్ళో ఎవరైనా అడిగితే నేను "ఏదో మైకుసెట్టులో ఉండాడు" అనేవాణ్ణి.

నాలుగేళ్ళు వాడు ఊరి పొంగలికి రాలేదు. మా ఆవిడ ఏటా వాడి వాటా చక్కెరపొంగలి గిన్నెలో తీసిపెట్టి, రెండో రోజు పిల్లలకు పంచేది.

2007 సెప్టెంబరులో కలైసెల్వి వచ్చింది. విరుదునగర్‌లో టీచరు ట్రైనింగు చదువుతోంది.

"పెదనాయనా, ఆదివారం మా అరుప్పుకోట్టైలో నాయనోళ్ళ కచ్చేరి. నువ్వు రా."

"మీ నాయన పిలిచినాడా?"

"లే. నేను పిలస్తాండా. ఒకటే మాట. నోరు తెరవగూడదు, సుమ్మా వినాల."

ఎనిమిదో తరగతి దాకా చదివిన నన్ను నోరు మూసుకోమన్న మొదటి మనిషి అదే. వెళ్ళాను. పెద్ద మైదానం, రెండు వేల మంది, అందరూ పిల్లలే. నా తెల్ల పంచె చూసి ఒక కుర్రాడు ముందుకు తీసుకెళ్తానన్నాడు. వద్దన్నాను. వెనకే నిలబడ్డాను.

మగ్గం పాట వచ్చింది. అది పొట్టలో కొట్టింది. నేల లోంచి కాళ్ళలోకి వచ్చింది. పదకొండేళ్ళ కిందట వాకిట్లో వాడు చెప్పిన మాట అక్షరం తప్పు లేదు.

ఆగింది.

"కరెంటు పోయినట్టు" అని కలైసెల్వి నా చెవిలో అంది. "మగ్గాలన్నీ ఒకేసారి నిలుస్తాయి కదా. పన్నెండు లెక్కపెట్టు."

రెండు వేల మందిలో ఒక్కడూ కదల్లేదు. ఒకటి, రెండు. ఎక్కడో పసిబిడ్డ దగ్గింది. నాలుగు, అయిదు. మైదానం మధ్యలో టేబిలు దగ్గర కుళందైసామి రెండు చేతులూ గుబ్బల మీద నుంచి పైకెత్తి పట్టుకున్నాడు, చట్రం మందులోంచి తీసి ఆరేదాకా పట్టుకున్నట్టు. జుట్టు నెరిసింది. ఏడు, ఎనిమిది. ఇంత సేపా నేను మాట్లాడింది! ఇందులోకా నేను బస్సునూ బోరునూ మోసుకొచ్చింది! ఏడాది పాటు ఇంటింటికీ తిరిగి బతిమాలి వాడు ఊరికి తెచ్చింది ఈ పన్నెండు అంకెలు. ఆ ఏమంటేకు తర్వాతి మాట ఇదే. పది, పదకొండు.

ఒక మగ్గం మోగింది. తర్వాత రెండు. పిల్లలు అరిచారు. నేను తల దించుకుని నా చెప్పులు చూసుకుంటూ ఉండిపోయాను.

చివర్లో శరవణకుమార్ మైకులో, మా సౌండు అన్న కుళందైసామి అని చెప్పి చెయ్యి చూపించాడు. మైదానమంతా చప్పట్లు కొట్టింది. నేను చెరుకురసం బండి వెనక్కి జరిగాను.

"పెదనాయనా, నాయన ఆడనే ఉండాడు. ఒక మాట పలకరించు."

"బస్సుకి టైమయిందమ్మా."

"ఆ బస్సు నువ్వు తెచ్చిందే కదా. నీకోసం నిలబడదా?"

పలకరించకుండానే వచ్చేశాను. ఆ పిల్ల నవ్వలేదు, కోప్పడలేదు, బస్సు దాకా వచ్చి ఎక్కించింది. అది ఇంకా కష్టంగా ఉంది.

ఈ జనవరిలో కమిటీలో రెండు తీర్మానాలు పెట్టాను. ఈ ఏప్రిల్ పొంగలికి చిత్తిరై వెయిల్ బ్యాండుకు పూర్తి గంట ఇవ్వాలి. పాటల మధ్య పొన్నాడైలు, పేర్లు చదవడాలు ఉండవు. కమిటీ సభ్యుడు అప్పాసామి గడ్డం గోక్కున్నాడు. "అట్లయితే నీ చరిత్ర ఎప్పుడు సదివేది, తలైవరే?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి మలరులో కుళందైసామిది వేస్తాం, నేనే రాస్తాను అన్నాను. అప్పుడు నవ్వు ఆగింది.

తర్వాత ఫోను చేశాను. రాసి పెట్టుకున్న కాగితం పక్కన పెట్టి చెప్పాను. కాలేజీలో నిన్ను మా ఊరివాడన్నాను, మేడై మీద ఎవునికి అన్నను అన్నాను, రెండూ తప్పే, నువ్వు రావాలి అని. అవతల ఏమీ లేదు. లైను కట్టయిందేమో అనిపించింది. నోటిదాకా వచ్చిన మాట మింగి, లెక్కపెట్టాను. పన్నెండు దాటింది.

"అన్నా" అన్నాడు. "పాట మద్దెలో ఎవురూ ఎక్కగూడదు."

"ఎక్కరు."

"నువ్వు?"

"నేల మీద కూసుంటా."

"వదినెని పొంగలి తీసిపెట్టమను" అని, తేదీ అడిగాడు.

బ్యాండు వ్యాను పండగ రోజున వస్తుంది. కుళందైసామి మాత్రం స్పీకర్లు పెట్టే చోటు చూసుకోవడానికి ముందు రోజే, సాయంత్రం అయిదు గంటల బస్సులో దిగుతాడు. 2008 ఏప్రిల్ 21, సోమవారం.