మందిరం రాళ్ళ మీద చెప్పులు

మా పాత చర్చి శ్లాబు పెచ్చులూడి, చువ్వలు బయటపడ్డాక కూల్చక తప్పలేదు. దానికి నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకోనిది ఆ తర్వాతి సంగతి. ఇనుప చువ్వ ఒక్కటి కూడా వదలకుండా ఏరి పాతసామాన్ల కొట్టుకు పంపారు. కాంక్రీటు ముక్కల్ని మాత్రం ట్రాక్టర్లకెత్తి వాగులో పోయడం మొదలుపెట్టారు.

ఆదివారం ఆరాధన అవగానే షామియానా కింద లేచి నిలబడ్డాను.

“ఆ ముక్కలు చితగ్గొట్టించి, సమాధుల దొడ్డికి పోయే డొంకలో పరవండి.”

ఆ డొంకంతా నల్లరేగడి. వాన పడితే కాలు పిక్కల దాకా దిగబడుతుంది. మా అమ్మను తీసుకెళ్ళిన రోజు మోసేవాళ్ళ కాళ్ళు కూరుకుపోయి, పెట్టె ఒక పక్కకు ఒరిగిపోతే, పక్కనున్న మిరపచేలో దించారు. అమ్మ పోవడం అందరికీ ఉండేదే. ఆ ఒరగడం మాత్రం నేను మరిచిపోను.

సంఘపెద్ద నాకు వరసకు బాబాయి. చెవులు మూసుకున్నంత పని చేశాడు.

“ఏం మాటలే అవి! దేవుడి మందిరం రాళ్ళు. చెప్పులేసుకుని తొక్కుతామా? డొంకకు కనిగిరి వైపు నుంచి కంకర తెప్పిద్దాంలే, ఎప్పుడో.”

“వాగులో ఆ రాళ్ళ మీద పందులు పొర్లుతున్నాయి బాబాయ్. వాటికి చెప్పుల్లేవనా?”

వెనకాల ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన ముఖం గంటుపెట్టుకున్నాడు.

“డిగ్రీ చదివావని ప్రతిదానికీ నోరేసుకుని పడతావు.”

“చదివాను కాబట్టే చెబుతున్నా. ఆ సిమెంటు కోసం సున్నపురాయి కాల్చినప్పుడే పోవాల్సిన పొగంతా గాల్లోకి పోయింది. దాన్ని వెనక్కి తేలేం. ఉన్న రాయి వాగులో పారేసి, ఇంకో కొండ పేల్పించి, లారీల్లో డీజిలు తగలేసి మళ్ళీ రాయే తెచ్చుకోవడం ఏం తెలివి? పైగా ఎప్పుడో అంటున్నావు. అందాకా ఊళ్ళో ఎవరూ చావకుండా ప్రార్థన చేయిస్తావా?”

పాస్టరయ్యగారు గొంతు సవరించుకుని, రేపటి నుంచి ట్రాక్టర్లు డొంకకే పోతాయన్నారు. ముక్కలు చితగ్గొట్టి, పరిచి, రోలరు తొక్కించారు. అంతకుముందు వాగులో పోసింది అక్కడే ఉంది. దాన్నీ తీయించేదాకా నేను ఊరుకునేది లేదు.

ఈ వానల్లో బాబాయి వాళ్ళ అత్తగారు పోయింది. తెల్లారినప్పటి నుంచీ ముసురే. పెట్టె ఎక్కడా ఒరగలేదు, ఎక్కడా దించలేదు. డొంక మొదట్లోనే బాబాయి చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి నా కాళ్ళకేసి చూశాడు.

“నువ్వూ విప్పమ్మా.”

“నేను విప్పను బాబాయ్. నడవడానికేగా వేయించింది.”