అత్త లెక్క

మా ఎదురింటి అత్త చనిపోయిందని మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఉబ్బసంతో నేను ఇన్నేళ్లు బతికానంటే అందులో సగం ఆమె పుణ్యం. ఆ మాట ఆమెతో ఒక్కనాడూ అనలేదు, నా బుద్ధి కాల.

అత్త మా ఊరి కదిర్కామం పెద్దాసుపత్రిలో ఆయా. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా డాక్టరు ఆయాసానికి నీలం పంపు, అదే ఇన్‌హేలర్, రోజూ పీల్చడానికి ఇంకొకటీ రాసిచ్చాడు. మూడు రోజులు నీలంది పీల్చినా ఆయాసం తగ్గలేదు. అత్త వచ్చి చూసింది.

"నాలిక మీద చల్లుకుంటా ఉండావు, అదేమన్నా పన్నీరా?"

నన్ను అద్దం ముందు నిలబెట్టింది. "బాగా ఊపు. ఊపిరంతా వదులు. ఇప్పుడు నొక్కతానే మెల్లగా లోపలికి లాగు. అద్దంలో పొగ కనపడిందంటే మందు గాలికి పోయినట్టే."

తర్వాత ఊపిరి బిగపట్టాలి. వార్డులో అందరూ తమిళులే, ఆ అలవాటుకొద్దీ తమిళంలో లెక్కపెట్టేది. ఒణ్ణు, రెండు, మూణు... ఆమె 'పత్తు', అంటే పది, అనేదాకా వదలకూడదు. ఆ పత్తు ఎంతకీ వచ్చేది కాదు. కానీ కాసేపటికే ఛాతీ తేలికపడేది.

"లోపల గొట్టాల చుట్టూ పావడా నాడా బిగుసుకున్నట్టు ఉంటది. నీలంది దాన్ని వదులు చేస్తది, అంతే. వాపు తీసేది రోజూ పీల్చే రెండోది. అది మానినావంటే మళ్లా బిగుస్తది."

ఆమె పట్టుదలకు కారణం చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె చెల్లెలు ఊపిరాడకే పోయింది. పంపు అలవాటైపోతుందని ఇంట్లోవాళ్లు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి దొరికేలోపే అంతా అయిపోయింది.

నేను మాత్రం పంపును దాచుకునేదాన్ని. పెద్దయ్యాక బట్టలకొట్లో పని చేస్తూ, ఆయాసం వస్తే బాత్‌రూములోకి పోయి పీల్చేదాన్ని. అత్తకు తెలిసి మండిపడింది. "కళ్లద్దాలు ఎవురన్నా దాచుకుంటారా? ఇదీ అంతే. యాడికి పోయి దాక్కుంటావు, ఊపిరి రాకపోతే?" నేను నవ్వేశాను. దాచుకోవడం మానలేదు.

మంగళవారం నేను పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి సాంబ్రాణి వేశారు. ఆ పొగకు నా ఛాతీ పట్టేసింది. అలవాటుగా పెరటివైపు నడిచాను. సగం దూరం పోయాక సిగ్గేసింది. వెనక్కొచ్చి, అత్త కాళ్ల దగ్గర, వీధి వీధంతా చూస్తుండగా పంపు తీసి పీల్చాను. లోపలే లెక్కపెట్టాను, ఆమె పెట్టినంత మెల్లగా.

పత్తు. ఊపిరి వదిలాను.

అత్త పెదాలు బిగిసి ఉన్నాయి. తనకు కూడా ఎవరైనా పత్తు అంటే ఊపిరి వదులుదామని చూస్తున్నట్టు.