పెద్దసారు మాన్పించిన ఎడంచెయ్యి

దర్జీపని చేసే తల్లికి ఒక్కతే కూతురు. పుట్టుకతోనే ఎడంచేతి వాటం. బడిలో పంతులమ్మ ఆ చేతి మీద బెత్తంతో కొట్టి, పెన్సిలు కుడిచేతికి మార్పించబోయింది. తల్లి మిషను ముందు నుంచి లేచి, మెడలో టేపయినా తియ్యకుండా బడికి నడిచింది. "అక్షరం వంకరగా ఉంటే చెప్పు, దిద్దిస్తాను. చెయ్యి సంగతి నాకొదిలెయ్యి" అని చెప్పి వచ్చింది. పంతులమ్మ మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు. తల్లి నోరు అలాంటిది. అరువు కుట్లు అడగడానికి వచ్చినవాళ్ళు కూడా గుమ్మంలో ఒకసారి గొంతు సవరించుకుని గాని లోపలికి వచ్చేవాళ్ళు కాదు.

ఆ ఎడంచేత్తోనే పిల్ల చదివి డాక్టరైంది. ఆపరేషన్లు నేర్పే పైచదువులో సీటు కూడా తెచ్చుకుంది. అక్కడ తగిలాడు పెద్దసారు.

ఆ ఆసుపత్రిలో సర్జన్లందరికీ ఆయనే పెద్ద. సన్నని వేళ్ళు, వెన్నలాంటి మాట. ఆయన దగ్గర మెప్పు పొందినవాళ్ళకు చదువయ్యాక ఆ యూనిట్లోనే ఉద్యోగం, ఆపైన పేగుల ఆపరేషన్లలో ప్రత్యేక శిక్షణ. ఏటా ఒక్కరికే ఆ అదృష్టం. అందుకే నేర్చుకునే పిల్లలంతా ఆయన నీడలో నడిచేవాళ్ళు, ఆయన దగ్గినా తలూపేవాళ్ళు.

మొదటిరోజే ఆయన కన్ను ఆమె చేతి మీద పడింది. ఆపరేషన్ థియేటర్లో కత్తెరలన్నీ కుడిచేతివాళ్ళ కోసం చేసినవి. ఎడంచేత్తో పట్టుకుంటే రేకులు దూరం జరిగి, దారాన్ని తెంపకుండా నములుతాయి. థియేటర్ నర్సు మాస్కు వెనక నవ్వుకుంది. పెద్దసారు నవ్వలేదు. ఆమెను పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, నా థియేటర్లో అందరిదీ ఒకటే వాటం. నీ ఒక్కదాని కోసం బల్ల తిప్పించలేను. కుడిచేతికి మార్చుకో. అది వచ్చిన రోజున నా యూనిట్లో చోటు నీదే. మాటిస్తున్నాను."

ఆ మాటను ఆమె కళ్ళకద్దుకుంది. కుర్చీ కోడుకు, కప్పు చెవికి, తల్లి కుట్టుమిషను పిడికి, దొరికినదానికల్లా కుడిచేత్తో దారం ముడులు వేసింది. ఎడంచెయ్యి అలవాటుకొద్దీ ముందుకొస్తోందని దాన్ని తువ్వాలుతో నడుముకు కట్టేసుకుంది. బ్రష్షూ, చెంచా, తలుపు గడియా అన్నీ కుడిచేతికే అప్పగించింది. తల్లికి ఒళ్ళు మండింది.

"ఆ చెయ్యేం చేసిందే నిన్ను? దానికోసం నేను బడికెళ్ళి కొట్లాడితే, నువ్వు దానికి ఇంట్లోనే జైలు కట్టావు."

"సారు మాటిచ్చారమ్మా."

"మాటకేం, నోరున్న ప్రతివాడూ ఇస్తాడు. బట్టయితే రంగు పోతుందో లేదో తడిపి చూసుకుంటాం. మాటనెక్కడ తడుపుతావే?"

కూతురు వినలేదు. చివరి ఏడాదికి కుడిచెయ్యి చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది. పెద్దసారు నోరు తెరిచేలోగా ముడి పడేది, దారం తెగేది. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన ఆమెను చూపించి, పట్టుదలంటే ఇదీ అనేవాడు. వేరే ఊరి ఆసుపత్రి ఒకటి ఉద్యోగం ఇస్తామని పిలిస్తే, ఇక్కడ తనకు చోటుందని చెప్పి వద్దనేసింది.

పరీక్షలు ముగిశాయి. ఆ తర్వాత ఒక ఉదయం థియేటర్లోకి వెళ్ళేసరికి బల్ల తిప్పి ఉంది. ట్రేలో కొత్త కత్తెరలు మెరుస్తున్నాయి. ఆమె ఒకటి తీసి చూసింది. ఎడంచేతివి. క్షణంపాటు అవి తనకోసమే అనుకుంది పిచ్చిది. నర్సు ఆమె ముఖం చూసి తల దించుకుంది. యూనిట్లో చోటు ఇంకో ఆసుపత్రి నుంచి వచ్చిన కుర్రడాక్టరుకి ఇచ్చారనీ, అతనిది ఎడంచేతి వాటమనీ, సారే ముచ్చటపడి ఇవన్నీ తెప్పించారనీ మెల్లిగా చెప్పింది.

ఆరోజు ఆపరేషన్లో, కడుపులో బాగా లోతున, కుడిచేతికి సూది తిరగని మూల ఒకటి వచ్చింది. కుర్రడాక్టరు ఇంకా చేతులు కడుక్కుంటున్నాడు. పెద్దసారు ఏమీ జరగనట్టే ఆమె వైపు చూశాడు.

"నీది అసలు ఎడంచెయ్యే కదమ్మా. ఈ కుట్టు నువ్వు వెయ్యి."

ఆమె ఎడంచెయ్యి చాచింది. సూది పట్టుకునే పరికరం అందులో పడింది. వేళ్ళు దాన్ని గుర్తుపట్టలేదు. మొన మొద్దుగా అటూ ఇటూ ఊగింది. రోగి ఒంటికి తగలకముందే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రాదు సార్" అంది.

"పోన్లే" అని ఆయన కుర్రడాక్టరును పిలిచాడు. అతను ఆమె నిలబడ్డ చోట నిలబడి, ఆ కుట్టు మంచినీళ్ళు తాగినట్టు వేసేశాడు.

తర్వాతి ఆపరేషన్‌కి చేతులు కడుక్కునే చోట ఆమె అడిగేసింది, తనకిచ్చిన మాట సంగతేమిటని. పెద్దసారు మోచేతులదాకా సబ్బు రుద్దుకుంటూ మెత్తగానే చెప్పాడు. ఎడంచేత్తో చేసేవాళ్ళు అరుదట, యూనిట్‌కి అలాంటివాడు ఒకడుండాలని ఇప్పుడు తెలిసిందట. కుడిచేతివాళ్ళకు కొదవ లేదట.

"ఉద్యోగం మీ దగ్గరే ఉంచుకోండి సార్. నా చెయ్యి నాకిచ్చెయ్యండి" అంది ఆమె.

ఆయన కుళాయి కట్టేసి, తడిచేతులు పైకెత్తి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సంగతి వినగానే తల్లి మెడలో టేపుతో గుమ్మందాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఎవరితో కొట్లాడాలి? పంతులమ్మ బెత్తం కళ్ళకు కనబడింది. ఈసారి తువ్వాలు ముడి వేసుకున్నది తన కూతురే. తిరిగొచ్చి మిషను ముందు కూర్చుంది.

అమ్మాయికి ఇప్పుడొక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం. కుడిచేత్తో శుభ్రంగా ఆపరేషన్లు చేస్తుంది, ఎవరూ వంక పెట్టలేరు. పెద్దసారు నలుగురిలో ఆమె తన శిష్యురాలని గొప్పగా చెప్పుకుంటున్నాడని విని, విననట్టే ఊరుకుంది. సాయంత్రాలు ఇంటికొచ్చి మిషను పిడికి ఎడంచేత్తో దారం ముడులు వేస్తుంది. సగం జారిపోతాయి.

"వదులుగా ఉంది. విప్పి మళ్ళీ వెయ్యి" అంటుంది తల్లి, బట్ట మీంచి తలెత్తకుండానే.