పసుపు గీత పడిన వరుస

ఏ కారు కింద దూరబోయినా హొవీటా ముందు దాని పక్కన నిలబడి నడుముతో మూడుసార్లు గట్టిగా నెడుతుంది. కదిలిందా, ఎంత మంచి సామాను ఉన్నా దాని జోలికి పోదు. కదలలేదా, "నువ్వు కదలకు, నేను త్వరగా లేస్తాను" అని దానికి మాటిచ్చి వెల్లకిలా పడుకుని లోపలికి జారుతుంది. ఈ అలవాటు ఆమె భర్త రొసెందో నేర్పింది. ఫ్రెస్నో ఊరి చివర ఉన్న ఆ పాత కార్ల యార్డులో జాకీలు పెట్టనివ్వరు. చక్రాల రిమ్ములను రెండేసి కలిపి అతికించి, నాలుగు మూలలా వాటి మీద కార్లను నిలబెడతారు. కావలసిన సామాను ఎవరి పానాలతో వాళ్లు విప్పుకుని గేటు దగ్గర డబ్బు కట్టి పోవాలి. రిమ్ము కింద నేల ఎలా ఉందో ఎవరికి వాళ్లే చూసుకోవాలి.

రొసెందో పోయి పదకొండేళ్లయింది. హొవీటాకి ఇప్పుడు అరవై ఒకటి. చలికాలమంతా నారింజపళ్ల షెడ్డులో పళ్లు ఏరుతుంది, శనివారం వస్తే యార్డుకు పోతుంది. మా వీధిలో ఆమె చేతి సామాను పడని కారు లేదు. వంటింట్లో రొట్టె కాలుస్తూనే చెవి ఒగ్గి, "ఎవరిదే ఆ బండి, బెల్టు తెగబోతోంది" అని కిటికీలోంచి అరిచే మనిషి.

ఆమెకు యార్డులో ఒక్కడంటే పడదు. అతను ఫెర్మీన్. ఆమె కూతురి జ్ఞానస్నానానికి పెద్దదిక్కుగా నిలబడ్డవాడు, అందుకని ఆమెను "కొమాద్రే" అని పిలుస్తాడు, ఆమె అతన్ని "కొంపాద్రే" అంటుంది. వరస గొప్పదే, బుద్ధే పిసినారిది. నెలకొక శనివారం యార్డులో అన్నీ సగం ధరకే ఇస్తారు. ఫెర్మీన్ వారం ముందే వచ్చి కావలసింది విప్పి, వేరే కారు సీటు కింద దాచిపెట్టి, సగం ధర రోజున వచ్చి తీసుకుపోతాడు. ఆ వారమంతా అవసరం ఉన్నవాళ్లు వెతుక్కుని ఉత్త చేతులతో పోవలసిందే. హొవీటా ఏం చేసేదంటే, అతను దాచింది కనిపెట్టి చప్పుడు లేకుండా ఇంకో కారులోకి మార్చేసేది. ఇలా రెండేళ్లు సాగింది.

"ఆ యార్డులో దెయ్యముంది కొమాద్రే. పెట్టింది పెట్టినచోట ఉండదు," అన్నాడు ఒకసారి ఆమె ఇంట్లో చిక్కుడుగింజల కూర తింటూ.

"దెయ్యానికి డైనమో ఎందుకయ్యా? దానికి కారుందా?"

"నవ్వు, నవ్వు. దొరికిన రోజున జడ పట్టుకుని గేటు దాకా ఈడుస్తా."

"దెయ్యానికి జడ ఉందని నీకెవరు చెప్పారు?" అంటూ హొవీటా తన నెరిసిన జడను వీపు వెనక్కి వేసుకుంది.

మొన్న డిసెంబరులో మూడు రోజులు ముసురు పట్టింది. అది వెలిసిన మర్నాడు మా లోయలో ఎప్పుడూ దిగే పొగమంచు దిగింది. చెయ్యి చాపితే వేళ్లు కనబడలేదు. ఆ ముందురోజు సాయంత్రమే హొవీటా పికప్ బండి మొరాయించింది. తాళం తిప్పితే టిక్కుమనడం తప్ప ఇంకేం లేదు. స్టార్టర్ పోయింది. ఆ బండిలోనే వీధిలోని నలుగురు ఆడవాళ్లు ఆమెతో షెడ్డుకు పోతారు. "ఇంకోసారి ఆలస్యమైతే అయిదుగురూ రానక్కర్లేదు" అని మేస్త్రీ అంతకుముందే చెప్పి ఉన్నాడు. సోమవారం లోపల బండి లేవాలి.

ఆమె బండిలాంటి పికప్ యార్డు మొత్తానికీ ఒక్కటే ఉంది. తీరా సగం ధర శనివారం పొద్దున పోయి చూస్తే ఆ వరుస వరుసకంతా అద్దాల మీద పసుపు గీతలు పడి ఉన్నాయి. గీత పడిందంటే ఆ రోజే నలగ్గొట్టే యంత్రానికి పోతాయని అర్థం. వరుసకు అడ్డంగా తాడు కట్టారు. అటు చివరినుంచి చూయీ అనే కుర్రాడు ఫోర్క్‌లిఫ్ట్‌తో ఒక్కొక్క కారునే ఎత్తుకుపోతున్నాడు. పికప్ వంతు రావడానికి ఇంకా పది కార్లున్నాయి. అరగంట పడుతుంది, తనకి పావుగంట చాలు, అనుకుని హొవీటా తాడు కింది నుంచి దూరింది.

బండిని నడుముతో ఒక్కసారి నెట్టింది. కదల్లేదు. మిగతా రెండుసార్లు తొందరలో మరిచిపోయింది.

మొదటి బోల్టు సులువుగానే వచ్చింది. రెండోది తుప్పుపట్టి ఉంది. కాళ్లు తన్నిపట్టి పానా మీద బలమంతా వేసి గుంజింది. బోల్టు ఊడింది. అదే క్షణాన ఎడంపక్క రిమ్ము నానిన మట్టిలోకి మెల్లగా, వెన్నలోకి చెంచా దిగినట్టు దిగింది. బండి మొత్తం ఆమె మీదికి వాలింది. అడ్డంగా ఉన్న ఇనుప పట్టీ వచ్చి ఎడమ భుజం మీద, రొమ్ము మీద కూర్చుంది. ఎముక ఒకటి పుల్ల విరిగినట్టు చప్పుడు చేసింది. బండి అక్కడితో ఆగింది.

అరవబోతే గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. ఊపిరి సగమే అందుతోంది. ఇంకో వేలెడు దిగితే ఆ సగం కూడా ఉండదు. అవతల ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తున్న బీప్ బీప్ వినిపిస్తోంది. ఇనుము ఇనుముకు తగులుతుంది, అద్దాలు రాలుతాయి, బీప్ బీప్. ఇంకో కారు పోయింది. ఇంకా ఎనిమిది. చూయీ చెవులకు మూతలు పెట్టుకుంటాడు. ఇనుప నాలుకలు బండి కింద దూర్చి ఎత్తేముందు ఈ మంచులో కిందికి వంగి చూస్తాడా? ఎందుకు చూస్తాడు? వరుసలో మనిషి ఉండకూడదని కదా తాడు కట్టింది!

మళ్లీ అద్దాలు రాలాయి. ఇంకా ఏడు.

ఎప్పుడూ చేసే ప్రార్థన తలుచుకోబోయింది. మొదటి మాటే గుర్తుకు రాలేదు. పొయ్యి పక్కన నానబెట్టిన చిక్కుడుగింజలు గుర్తొచ్చాయి, ఇంటి తాళం ఏ పూలకుండీ కింద పెట్టిందో గుర్తొచ్చింది. కుడిచేతిలో పానా ఇంకా ఉంది. దాంతో సైలెన్సర్ గొట్టాన్ని ఠంగు ఠంగుమని కొట్టింది.

ఆరు.

అప్పుడు వినిపించింది, దగ్గర్లోనే ఎవరో కారు తలుపు తీసిన చప్పుడు. వెంటనే గొణుగుడు. "ఇక్కడే పెట్టాను. ఈ సీటు కిందే పెట్టాను. తల్లీ మరియమ్మా, ఏ పాపిష్టి వెధవ తీశాడో!"

ఫెర్మీన్! పోయిన వారం అతను తెల్లకారులో దాచిన డైనమోను ఎర్ర వ్యాను డిక్కీలో పడేసింది హొవీటాయే. ప్రాణం లేచొచ్చి మళ్లీ పానాతో కొట్టింది. ఠంగు, ఠంగు.

గొణుగుడు టక్కున ఆగిపోయింది. తలుపు నెమ్మదిగా మూసుకుంది. మునివేళ్ల మీద అడుగులు దూరంగా పోతున్నాయి.

ఆమెకు అర్థమైంది. అతనూ తాడు దాటి దొంగతనంగానే వచ్చాడు. చప్పుడు చేస్తున్నది యార్డువాళ్లు అనుకుంటున్నాడు! తను ఎంత గట్టిగా కొడితే అంత త్వరగా పారిపోతాడు.

పానా వదిలేసింది. ఉన్న ఊపిరంతా ఒకచోటికి తెచ్చుకుంది.

"కొంపాద్రే... నీ డైనమో... తీసింది... నేనే."

అడుగులు ఆగాయి.

"ఎవరది?"

"ఎర్ర వ్యాను... డిక్కీలో..."

"కొమాద్రే? నాకు తెలుసు! రెండేళ్ల నుంచీ తెలుసు నాకు! నా ఇంటి మనిషిలా తిరుగుతూ, పైగా దెయ్యానికి జడ ఎక్కడిదని నన్నే..." తిట్టుకుంటూ మంచులోంచి వచ్చినవాడు బండి కిందినుంచి బయటికి చాచి ఉన్న రెండు బూట్లను చూశాడు. "దేవుడా."

"చూయీ," అంది ఆమె. "ఆపు."

ఫెర్మీన్‌కి అరవై ఎనిమిది, మోకాళ్లు అరిగిపోయాయి. అయినా పరిగెత్తాడు. ఆమెకు కనబడింది ఏమీ లేదు, వినపడింది మాత్రమే: అతని అరుపులు, వాటిని మింగేస్తున్న ఇంజను రొద, ఇంకో కారు లేచిన చప్పుడు. తర్వాత ఏదో బరువైనది ఇనుముకు ధడేలున తగిలింది. ఇంజను ఆగిపోయింది. చేతికి దొరికిన రిమ్ము ఒకటి ఫోర్క్‌లిఫ్ట్ మీదికి విసిరాడట.

ఇంకా నాలుగు కార్లే మిగిలి ఉన్నాయి.

అసలు భయం ఆ తర్వాతే ఉందని హొవీటా చెబుతుంది. బండిని ఆమె మీదినుంచి లేపాలంటే ఉన్నవి ఆ ఇనుప నాలుకలే. చూయీ మీట మీంచి చేతులు తీసేశాడు. "హొవీటమ్మా, నేను ఎత్తలేను, అది జారితే..." అని ఏడుస్తున్నాడు. ఫెర్మీన్ బురదలో బోర్లా పడుకుని ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"నా వంక చూడు కొమాద్రే. దాని వంక చూడకు."

"నీ మొహం కన్నా అదే నయం," అంది ఆమె, కళ్లు గట్టిగా మూసుకుని.

బీప్ బీప్ మంటూ అది దగ్గరికొచ్చింది. చెవి పక్కనే మట్టి గీసుకుంటూ నాలుక దూరింది. బండి మూలిగింది. బెత్తెడు లేచింది. ఫెర్మీన్ ఆమెను సంచి లాగినట్టు బయటికి లాగేశాడు.

మెడ కింది ఎముక విరిగింది. యార్డువాళ్లు ఇద్దర్నీ మూడు నెలలు గేటు తొక్కవద్దన్నారు. స్టార్టర్ బండితోపాటే యంత్రంలోకి పోయింది. ఆదివారం ఫెర్మీన్ తన పెరట్లో దాచిన సామాను గుట్టలో వెతికితే అదే మోడల్ స్టార్టర్ దొరికింది! "ముందే అడిగుండొచ్చుగా?" అన్నాడు. కట్టుకట్టిన భుజంతో ఆమె అతన్ని చూసిన చూపు నేను చూశాను, మళ్లీ చూడాలని లేదు. అతనే దాన్ని బిగించి, సోమవారం తెల్లారేసరికి నలుగురు ఆడవాళ్లనూ షెడ్డు దగ్గర దింపాడు.

ఎముక అతుక్కుంది. హొవీటా మళ్లీ యార్డుకు పోతోంది, ఇప్పుడు ఆరుసార్లు నెడుతుంది. కానీ మంగళవారం మా వీధిలోకి చెత్తబండి వచ్చి బీప్ బీప్ మంటూ వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం, పొయ్యి మీద ఏముంటే అది వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. పెదవులు కదులుతూ ఉంటాయి. మొదట్లో ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి పోయి విన్నాను. ఆరు, అయిదు, నాలుగు అని లెక్కపెట్టుకుంటోంది.