ఎముకలు ఇంటికి తీసుకెళ్లని అమ్మాయి

2019 ఆగస్టులో సూరత్‌లో నేను పనిచేసే మెడికల్ కాలేజీకి కొత్త బ్యాచ్ వచ్చింది. అనాటమీ విభాగం స్టోర్‌కీపర్‌గా అది నా ఇరవై ఆరో ఏడు. మొదటి సంవత్సరం పిల్లలకు నిజం ఎముకలిచ్చి, లెక్క చూసి వెనక్కి తీసుకోవడం నా పని. దీన్ని బోన్ ఇష్యూ అంటారు. సాయంత్రం ఐదుకు సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లాలి, మర్నాడు తొమ్మిదికి తెచ్చివ్వాలి. సొంత సెట్టు కొనుక్కున్నవాళ్ల పేర్లు విడిగా రాసుకునేదాన్ని.

డిసెంబరులో వైవా. అంటే ఎముక చేతిలో పెట్టి ప్రశ్నలడిగే పరీక్ష. దానికి పద్దెనిమిది రోజుల ముందు ప్రొఫెసర్ గారు శ్రద్ధ లేనివాళ్ల జాబితా అడిగారు. వాళ్లను వైవాకు రానివ్వనన్నారు. నాలుగు నెలల్లో ఒక్క ఎముకా తీసుకోని పేరు ఒకటే ఉంది, లావణ్య. రాసిచ్చాను.

మర్నాడు ఆ అమ్మాయి నా కిటికీ దగ్గరికి వచ్చింది. వెనకాల నిలబడ్డ పార్థ్, సొంత సెట్టున్నవాడు, నవ్వుతూ హిందీలో అన్నాడు. "ఈమె ఎముక ముట్టుకోదు మేడమ్. డాక్టరయ్యాక తాయెత్తులు కడుతుందేమో!"

లావణ్య అటు చూడకుండా నన్ను తెలుగులోనే అడిగింది. "నా పేరెందుకు రాసిండ్రమ్మా?"

"నీ సంతకం ఒక్కటైనా లేదు."

"మాది నవాగామ్ బస్తీల ఒక్కటే అర్ర. అండ్లనే పొయ్యి, అండ్లనే దేవుని పటాలు. మనిషి బొక్కలు తెస్తే మా నాయనమ్మ గడప తొక్కనియ్యది. నాయిన, అన్న మగ్గాల కాడికెల్లి వస్తే పండ జాగనే ఉండది. ఏడ పెట్టాలె?"

"హాస్టల్లో ఎవరి దగ్గరైనా చదువుకోవచ్చుగా?"

"ఒక్కపారి పోయిన. ముట్టుకునే ముందు నన్నొక్కదాన్నే చేతులు కడుక్కో అన్నరు. బొక్కను ముట్టనీకి చేతులు కడగాల్నటమ్మా!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మాది మూడు గదుల ఫ్లాటు. ఎముకల పెట్టెకు చోటుండని ఇల్లుంటుందని నాకెన్నడూ తట్టలేదు.

వెంటనే ప్రొఫెసర్ గారి గదికి వెళ్లాను.

"ఒక్క అమ్మాయి కోసం రూలు మారుస్తామా?" అన్నారు.

"జాబితా తప్పు సార్. రాసింది నేను. రేపటినుంచి పొద్దున ఏడింటికే స్టోరు తెరుస్తాను, అక్కడే చదువుకుంటుంది. ఒక్క ఎముక తగ్గినా పూచీ నాది."

ఆయన జాబితా తీసి, పేరు కొట్టేశారు.

మర్నాడు ఏడుకు ఐదు నిమిషాల ముందే లావణ్య తలుపు దగ్గరుంది. నాలుగోనాటికి ఊరి చివర కోసాడ్ నుంచి ఇద్దరొచ్చారు. రెండో వారానికి తొమ్మిదిమంది. లావణ్య కాక మిగతా ఎనిమిదిమందీ నా రిజిస్టర్‌లో శ్రద్ధగలవాళ్లే. ఇంట్లో వీలు కాక, సంచి విప్పకుండానే రోజూ తెచ్చిచ్చేవాళ్లట. నాలుగు నెలలు ఆ సంతకాలు చూసి నేను తృప్తి పడ్డాను.

వైవాలో లావణ్య చేతికి తొడ ఎముక వచ్చింది. కుడిదో ఎడమదో అడగకముందే చెప్పి, మిగతావీ చెప్పి, పాసయింది.

సెలవుల్లో రిజిస్టర్‌లో స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను: "ఎక్కడ చదువుతారు?" రిటైరయ్యేదాకా ఆ గడి నింపకుండా ఎవరికీ ఎముక ఇవ్వలేదు, ఎవరి పేరూ పైకి పంపలేదు.