మెరిసే ప్లయర్

డెబ్బయ్యో దశకం మొదట్లో రేపల్లెలో నేనూ మా బావమరిదీ కలిసి ట్రాక్టర్లు, లారీలు బాగుచేసే షెడ్డు నడిపేవాళ్లం. ఒకరోజు పొద్దున అతను పక్కనున్న నగరం అనే ఊరి నుంచి వచ్చిన ట్రాక్టరు గేరుబాక్సు విప్పి సర్‌క్లిప్పు తీస్తున్నాడు. షాఫ్టు మీద బేరింగు జారిపోకుండా పట్టి ఉంచే ఉక్కు రింగు అది. దాని రెండు కొసల్లో ఉండే చిల్లుల్లో ప్లయర్ మొనలు దూర్చి విచ్చదీస్తేగాని ఊడి రాదు. సగం విచ్చుకున్నాక ప్లయర్ మొన పుటుక్కున విరిగింది. రింగు ఎగిరి అతని కనుబొమ్మను చీల్చింది. వెంట్రుకవాసిలో కన్ను దక్కింది.

ఆస్పత్రిలో కుట్లు వేయించి, ఇంటి దగ్గర దింపి షెడ్డుకు తిరిగొచ్చాను. విరిగిన మొనను ఎండలో పెట్టి చూశాను. పైన అద్దంలాంటి పూత, లోపల ఉప్పుగల్లులా గరుకుగా నాసి ఇనుము. సీమ సరుకని తెనాలి పనిముట్ల కొట్టాయన ఒట్టేసి మరీ అంటగట్టింది ఇదే.

మర్నాడు దాన్నీ, సర్‌క్లిప్పు తొడిగి ఉన్న ఒక పాత షాఫ్టు ముక్కనీ సంచిలో వేసుకుని తెనాలి రైలెక్కాను. కొట్టాయన విరిగిన మొన చూసి ఏమాత్రం తొణకలేదు. కాఫీ తెప్పించాడు. సరుకు పాడైందని వచ్చినవాడికి ఇంత మర్యాద ఎందుకా అని ఆ కాఫీ ముట్టుకోలేదు. నూనె కాగితంలో చుట్టిన ఇంకో ప్లయర్ తీశాడు. మొదటిదానికన్నా ఎక్కువ మెరుస్తోంది. మూస్తే రెండు మొనలూ సమంగా కలవాలి. ఒకటి ముందుకు పొడుచుకొచ్చింది. రివెట్టు దగ్గర పట్టుకుని ఆడిస్తే పిడులు పక్కకి ఊగాయి. సంచిలోంచి షాఫ్టు ముక్క తీసి, దీనిమీద పెట్టి చూస్తానన్నాను.

"వాడాక మీరు వద్దంటే నేనెవరికి అమ్ముకోనండీ?" అని ప్లయర్ మీద చెయ్యి వేశాడు.

అప్పుడే బల్ల చివర నిలబడ్డ ఒకాయన కల్పించుకున్నాడు. తనకు బాపట్ల స్టేషను ఎదురుగా షెడ్డు ఉందనీ, ఇదే రకం ఏళ్ల తరబడి వాడుతున్నాననీ, కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చనీ నేనడక్కుండానే చెప్పాడు. అతని గోళ్లు చూశాను. మా గోళ్లలో నలుపు కిరసనాయిలుతో తోమినా పోదు. అతనివి పెళ్లికొడుకు గోళ్లలా ఉన్నాయి.

మళ్లీ వస్తానని లేచి, ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామని బాపట్ల బండెక్కాను. స్టేషను ఎదురుగా షెడ్డు ఒక్కటే ఉంది. దాని యజమాని ఒక పెద్దాయన. పోలికలు చెప్పి అడిగితే అలాంటి మనిషిని తనెప్పుడూ చూడలేదన్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన లోపలికెళ్లి నల్లగా, మోటుగా ఉన్న ప్లయర్ ఒకటి తెచ్చి చేతికిచ్చాడు. నా షాఫ్టు ముక్క మీద పెట్టి నొక్కాను. రింగు విచ్చుకుంది. మొనలు వంగలేదు, చిల్లుల్లోంచి జారలేదు. ఎక్కడ కొన్నారని అడిగాను.

"ఆ తెనాలి కొట్లోనే అబ్బాయ్. కింద చెక్కపెట్టెలో ఉంటయ్యి. అడిగితేగాని తియ్యడు."

తిరుగు బండిలో ఆయన మీదా అనుమానం వచ్చింది. ముక్కూమొహం తెలియనివాడికి పనిముట్టు చేతికిచ్చి, మళ్లీ అదే కొట్టుకు ఎందుకు పంపుతున్నట్టు? అందరూ ఒకటేనేమో.

కొట్టు చేరేసరికి సాయంత్రమైంది. బాపట్లలో షెడ్డుందన్న పెద్దమనిషి బల్లకు లోపలివైపు దర్జాగా కూర్చుని మరమరాలు తింటున్నాడు. నన్ను చూసి పొట్లం మడిచి లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. నేను కింద చెక్కపెట్టెలోది కావాలన్నాను.

"మీకెవరు చెప్పారండి?" అన్నాడు కొట్టాయన.

"బాపట్ల స్టేషను ఎదురుగా షెడ్డుంది కదండి, ఆయన."

వంగి పెట్టె లాగాడు. నల్లవే అయినా అన్నీ మంచివని నమ్మలేదు. ఒక్కొక్కటీ మూసి మొనలు చూశాను, రివెట్టు ఆడించి చూశాను. ఈసారి షాఫ్టు ముక్క బల్ల మీద పెడితే వద్దనలేదు. నాకు నచ్చినదాన్ని విరిగినదానికి బదులుగా ఇమ్మన్నాను. ఇచ్చాడు.

మర్నాడు బావమరిది నుదుటికి కట్టుతోనే షెడ్డుకొచ్చాడు. ప్లయర్ రంగు చూసి, పాత ఇనుము కొట్లో కొన్నావా అన్నాడు. బాపట్ల సంగతి చెప్పినా అతని మొహం విప్పారలేదు.

"ముందు నువ్వు తియ్యి బావా. నేను చూస్తా" అని ట్రాక్టరుకు అవతలివైపు వెళ్లి నిలబడ్డాడు.

రింగు మీద తువ్వాలు కప్పి, మొహం పక్కకు తిప్పుకుని నొక్కాను. రింగు మెత్తగా ఊడి తువ్వాల్లో పడింది. అతను వచ్చి ప్లయర్ మొనల్ని బొటనవేలితో తడిమాడు, వెలుగుకు పెట్టి చూశాడు, మళ్లీ తడిమాడు. రెండో రింగు తనే తీశాడు, తువ్వాలు కప్పే. ఆ షెడ్డు ఉన్నన్నాళ్లూ ఇద్దరం అలాగే తీశాం.